మన గైడు, మన ప్రశ్న: శ్రీలంక యాత్రకు సిద్ధం కావడం ఎలా

(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినపడుతుందా సార్? ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

మనలో కొందరు కలిసి విదేశం పోదామనుకుంటున్నారు. మంచి ఆలోచన. పిల్లల పెళ్లిళ్లు అయ్యాయి, ఇంటి లోన్ తీరింది, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పోతాం? అయితే కలిసిన ప్రతివాళ్లూ నన్ను ఒకటే అడుగుతున్నారు: ప్యాకేజీ ఎంతలో వస్తది సార్ అని. నేను తిరిగి అడిగేది ఇంకొకటి. అక్కడ మీకు చెప్పేది ఎవరు? ఆ గుడి గురించి, ఆ రాయి గురించి, ఆ చెరువు గురించి మీ పక్కన నిలబడి చెప్పేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరికాక టికెట్ల సంగతి చూద్దాం.

పానగల్లు మనకెంత దూరం? ఆటోలో పోయి రావచ్చు. ఛాయా సోమేశ్వరాలయం మీరంతా చూసే ఉంటారు. లింగం మీద స్తంభం నీడ పడుతుంది, పొద్దంతా అది కదలదు. చూశాం, దండం పెట్టుకున్నాం, వచ్చేశాం. ఆ నీడ ఏ స్తంభానిదో ఎంతమందికి తెలుసు? బయట స్తంభాలు ఎలా నిలబెట్టారో, వెలుతురు ఏ వైపు నుంచి వచ్చి ఎలా కలుస్తుందో ఒకరు చూపిస్తేనే కదా మనకు కనపడేది? మన ఊరి గుడికే చెప్పేవాళ్లు కావాల్సి వస్తే, సముద్రం దాటి పోయినచోట వద్దా?

పెద్ద బస్సు టూర్లను నేను తప్పుపట్టడం లేదు. హైదరాబాద్ నుంచే మేనేజర్ వెంట వస్తాడు, మన భోజనం దొరుకుతుంది, సామాను సంగతి ఎవరో చూసుకుంటారు. కొందరికి అదే మేలు. కానీ నలభై మంది దిగి, నలభై మంది ఫొటోలు దిగి, నలభై మంది ఎక్కేసరికి ఉన్న గంట అయిపోతుంది. ప్రశ్న అడిగే సందే ఉండదు. మనం నలుగురం, లేకపోతే ఆరుగురం కలిస్తే, ఒక వ్యాను, ఒక డ్రైవరు, ఆ దేశపు గైడు ఒకరు మనకోసమే ఉంటారు. ఖర్చు ఆరుగురిలో పంచుకుంటాం. ఎక్కడ ఎంతసేపు ఆగాలో మనమే చెప్తాం. నేను ఈ పద్ధతి గురించే మాట్లాడతాను.

ఏ దేశం? నన్నడిగితే నల్లగొండ వాళ్లు మొదటిసారి పోవాల్సింది శ్రీలంకకు. దగ్గర అని ఒక కారణం. హైదరాబాద్ నుంచి కొలంబోకు దాదాపు రెండు గంటల ప్రయాణం. అంతకంటే పెద్ద కారణం మన నాగార్జునసాగర్‌లో ఉంది. నాగార్జునకొండ దగ్గర ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది, క్రీస్తు శకం మూడో శతాబ్దంలో. అక్కడ సింహళ విహారం ఉండేదని శాసనం చెప్తుంది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం అది. తామ్రపర్ణి ద్వీపం, అంటే శ్రీలంక, ఆ భిక్షువుల ప్రస్తావన అందులో ఉంది. ఆలోచించండి. పదిహేడు వందల ఏళ్ల కిందట ఆ ద్వీపం వాళ్లు మన కృష్ణ ఒడ్డున ఉన్నారు. ఇప్పుడు సాగర్ దగ్గర బుద్ధవనంలో అవుకన బుద్ధుడి నమూనా విగ్రహం చూస్తున్నాం కదా, దాని అసలు విగ్రహం శ్రీలంకలో ఉంది. మనం పోయేది పరాయి చోటికి అనుకోవద్దు.

అందుకే గైడు కంటే ముందు మన ప్రశ్న తయారు కావాలి. ఏం చూద్దామని పోతున్నాం? "అన్నీ చూపించు" అంటే గైడు కూడా అందరికీ చూపించేవే చూపిస్తాడు. మీరు నీటిపారుదల శాఖలో పనిచేశారనుకోండి, "మాకు పాత చెరువులు చూపించు, తూములు చూపించు" అని రాయండి. బడిలో చెప్పినవాళ్లయితే అక్కడి బడి పిల్లలు ఏం చదువుతారో అడగండి. వ్యవసాయం మీద ఇష్టం ఉంటే వరి పొలాలు, టీ తోటలు. రామాయణం స్థలాలే చూడాలంటే నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడి ఉంది, అదీ చెప్పండి. నా మట్టుకు నాకు స్తూపాలు, చెరువులు. ఈ రెండే. ఒక చిన్న కాగితం మీద రాసుకోండి, నాలుగు వాక్యాలు చాలు. ఎవరెవరం వస్తున్నాం, ఎవరికి ఏ వయసు, ఎవరు మెట్లెక్కలేరు, ఏం చూడాలని ఉంది. గైడుకు పంపే మొదటి మెసేజ్ అదే.

ఇక గైడును ఎలా వెతకాలి? శ్రీలంకలో గైడ్లకు లైసెన్స్ ఇచ్చేది శ్రీలంక టూరిజం డెవలప్‌మెంట్ అథారిటీ. అందులో రకాలున్నాయి. దేశమంతా తిరిగి చెప్పగలిగే నేషనల్ గైడ్లు, ఒక ప్రాంతానికి ఏరియా గైడ్లు, ఒక్క స్థలానికి సైట్ గైడ్లు, బండి నడుపుతూ చూపించే షోఫర్ గైడ్లు. లైసెన్స్ కార్డు ఫొటో పంపమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, నిజమైన గైడు గర్వంగా పంపుతాడు. కార్డు గడువు తేదీ చూడండి.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. డ్రైవరు వేరు, గైడు వేరు. మంచి డ్రైవర్లు దేశమంతా తిప్పుతారు, ఎంతో ప్రేమగా చూసుకుంటారు. కానీ గుడి లోపలికి వచ్చి చెప్పడం వాళ్ల పని కాకపోవచ్చు. లైసెన్స్ లేకుండా లోపల గైడు పని చేయనివ్వరు కూడా. "డ్రైవర్ కమ్ గైడ్" అని ఎవరైనా అంటే, కార్డు ఏది అని అడగండి. నా సలహా ఏమిటంటే, మొత్తం యాత్రకు మంచి డ్రైవరు, వాళ్ల పాత రాజధానులైన అనురాధపురలో ఒక రోజు, పొలొన్నరువలో ఒక రోజు అక్కడి గైడు. ఖర్చు తగ్గుతుంది, మాట లోతు పెరుగుతుంది. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు చెప్పేది వేరే ఉంటుంది.

మంచి గైడును మెసేజ్‌లోనే ఎలా గుర్తుపట్టాలి? నేను ఒకటే చూస్తాను. మనం పంపిన లిస్టు చూసి వెంటనే "ఓకే సార్, నో ప్రాబ్లం" అన్నాడా, లేకపోతే "సార్, ఒక్కరోజులో ఇవి రెండూ కుదరవు, ఒకటి తీసేయండి" అన్నాడా? రెండోవాణ్ణి పట్టుకోండి. మన లిస్టు కోసేవాడే మన సమయానికి విలువ ఇచ్చేవాడు. తర్వాత ఒక్కసారి వీడియో కాల్ మాట్లాడండి. అతని ఇంగ్లీషు మనకు అర్థం అవుతుందా, మన ఇంగ్లీషు అతనికి అర్థం అవుతుందా? తెలుగులో చెప్పే గైడు దొరకడం కష్టం. ఇంగ్లీషులో దొరుకుతారు, తమిళంలో దొరుకుతారు. మీ ఆరుగురిలో ఒకరు తెలుగులో చెప్పేవాళ్లుగా ఉండండి. ఆ ఒకరు రోజూ మారితే ఇంకా మంచిది, లేకపోతే ఆ మనిషి అలసిపోతారు.

డబ్బు సంగతి. ఇది మనవాళ్లు గట్టిగా అడగరు, అక్కడ పోయాక టెన్షన్ పడతారు. వాట్సాప్‌లోనే అన్నీ రాయించుకోండి. రోజుకు ఎంత, డాలర్లలోనా, అక్కడి రూపాయల్లోనా? పెట్రోలు, టోలు, పార్కింగ్ అందులోనేనా? రోజుకు ఇన్ని కిలోమీటర్లు అని హద్దు ఉందా? డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఆ ఖర్చు ఎవరిది? చాలా హోటళ్లలో డ్రైవర్లకు గది ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. ఆ మనిషి బండిలో పడుకొని పొద్దున మనల్ని ఘాట్ రోడ్డు మీద నడిపితే అది మన ప్రాణాలకే కదా మంచిది కాదు. టికెట్లు మాత్రం సాధారణంగా వేరే. అనురాధపురకు, సిగిరియాకు, పొలొన్నరువకు వేర్వేరు టికెట్లు, విదేశీయులకు ధర ఎక్కువే. సార్క్ దేశాల వాళ్లకు, అంటే మనకు కూడా, తగ్గింపు ఉంటుంది, కానీ అసలు పాస్‌పోర్టు చూపించాలి. జిరాక్స్ పట్టుకొని పోతే లాభం లేదు. మొత్తం డబ్బు ముందే పంపకండి. కొంత అడ్వాన్స్, మిగతాది అక్కడ.

షాపుల మాట కూడా ముందే తేల్చుకోవాలి. రత్నాల దుకాణం, మసాలా తోట, బట్టల దుకాణం... ఇలాంటి చోట్ల బండి ఆపితే కమిషన్ ఇచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర లేదా? ఉంది. కోపం పెట్టుకోవాల్సిన పనిలేదు. "మాకు షాపింగ్ వద్దు, ఆ గంట కూడా చెరువు దగ్గర ఉంటాం, దాని బదులు మీ ఫీజు సరిగ్గా తీసుకోండి" అని మర్యాదగా రాయండి. మరీ తక్కువకు బేరం చేస్తే ఆ లోటు ఎక్కడో పూడ్చుకోవాలి కదా అతను? ఆ పూడ్చుకునేది మన సమయంలోంచే.

ఇక్కడి ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని పన్ను పట్టుకుంటారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. రసీదు దాచుకోండి. యూపీఐ శ్రీలంకలో 2024 ఫిబ్రవరిలో మొదలైంది, అయినా దాన్నే నమ్ముకొని పోకండి, చేతిలో నగదు ఉండాలి.

ఇప్పుడు అసలు చూసేది. గైడు పక్కన ఉంటే ఏం తేడా వస్తుందో చెప్తాను.

అనురాధపురలో జేతవన స్తూపం ఉంది. మూడో శతాబ్దం చివర్లో మహాసేనుడనే రాజు మొదలుపెట్టింది, అంతా ఇటుకే. కట్టినప్పుడు దాదాపు 120 మీటర్ల ఎత్తు. మన విజయపురి వెలుగుతున్న కాలమూ అటూ ఇటుగా అదే. ఆ స్తూపం ముందు నిలబడి గైడును అడగండి, ఇన్ని ఇటుకలు ఎక్కడ కాల్చారు, ఏ మట్టి అని. తర్వాత అక్కడి కట్టడాల గుమ్మాల ముందు కింద చూడండి. అర్ధచంద్రం ఆకారంలో చెక్కిన మెట్టు రాయి ఉంటుంది. ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు వరసగా నడుస్తుంటాయి. అలాంటి అర్ధచంద్రపు రాయి నాగార్జునకొండలోనూ దొరికింది. తర్వాత పొలొన్నరువ పోతే అక్కడి రాళ్లలో ఎద్దు ఉండదు. ఎందుకు లేదు? హిందువుల ప్రభావం పెరిగింది, ఎద్దు మీద కాలు పెట్టడం బాగుండదని తీసేశారని గైడ్లు చెప్తారు. చెప్పేవాళ్లు లేకపోతే మనం ఆ రాయి మీద కాలు పెట్టి లోపలికి పోతాం, అంతే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కలావెవ. వెవ అంటే అక్కడ చెరువు. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించిన చెరువు. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నడిచినవాళ్లకు ఆ కట్ట ఎక్కగానే అర్థమవుతుంది, నేను చెప్పనక్కరలేదు. ఆ ధాతుసేనుడి కొడుకే కాశ్యపుడు. తండ్రిని బంధించి, నీ ధనం ఎక్కడ దాచావు చెప్పు అన్నాడట. ముసలిరాజు చెరువు దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. నీళ్లలో దిగి, దోసిట్లోకి తీసుకొని, నా దగ్గరున్న ధనం ఇదే అన్నాడట. వాళ్ల పాత చరిత్ర గ్రంథంలో ఉన్న కథ. తర్వాత ఆ తండ్రిని చంపించాడు. చంపించి, భయపడి, ఒక పెద్ద రాతిగుట్ట మీద కోట కట్టుకున్నాడు. అదే సిగిరియా. ఇప్పుడు చెప్పండి, ప్యాకేజీలన్నీ మిమ్మల్ని సిగిరియాకు తీసుకుపోతాయి. కలావెవకు ఎన్ని తీసుకుపోతాయి? కొడుకు కోట చూపించి తండ్రి చెరువు చూపించకపోతే కథలో సగమే కదా మనకు దక్కేది? కరువు చూసిన జిల్లా మనది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లా. నీళ్లను ధనం అన్న రాజు కథ మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అక్కడ గంటసేపు కూర్చోండి. అవుకన బుద్ధుడు ఆ దగ్గర్లోనే, చెరువు వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. పొద్దున్నే పోవాలి, వెలుతురు ముఖం మీద పడేటప్పుడు. బుద్ధవనంలో నమూనా చూసినవాళ్లు అసలుది చూడకుండా రాకండి.

సిగిరియా దాదాపు 1200 మెట్లు. తెల్లవారగానే ఎక్కాలి, ఎండెక్కితే మన వయసులో కష్టం. బీపీ ఉన్నవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు డాక్టరును అడిగే పోవాలి. ఎక్కలేనివాళ్లు కింద తోటలు, నీటి కొలనులు చూడొచ్చు, అవీ ఆనాటివే. గైడు ఒక్కడే, పైకి కొందరు, కింద కొందరు అయితే ఏం చేయాలి? ముందే అనుకోండి. సగం దూరంలో అద్దంగోడ అని ఉంది. పాతకాలం యాత్రికులు దాని మీద పద్యాలు రాశారు, పైన గీసిన స్త్రీల బొమ్మలను చూసి. వందల పద్యాలు. మనలాగే చూడడానికి వచ్చినవాళ్లు, వెయ్యేళ్ల కిందట. ఒక్కటైనా చదివి అర్థం చెప్పమని గైడును అడగండి.

పొలొన్నరువలో గల్ విహార దగ్గర పడుకున్న బుద్ధుడు ఉన్నాడు. 14 మీటర్ల విగ్రహం, ఒకే రాయిలోంచి తొలిచింది. నిద్రపోతున్నాడా, నిర్యాణం చెందాడా? పాదాలు చూడండి. బొటనవేళ్లు సరిగ్గా ఒకదాని మీద ఒకటి లేవు, ఒక పాదం కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. అది నిర్యాణానికి గుర్తు అని చెప్తారు. తలకింద దిండు ఒత్తుకుపోయినట్టు చెక్కారు, రాతిలో. ఎవరో వేలు పెట్టి చూపిస్తేనే ఇలాంటివి మన కంట పడతాయి.

కాండీ గురించి ఒక్కమాట. అక్కడ బుద్ధుడి దంతం ఉన్న దంతాలయం చూస్తారు, చెరువు చూస్తారు. ఆ చెరువు తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహుడు కాండీ చివరి రాజు. నాయక్కర్ వంశం, మదురై వైపు నుంచి వచ్చిన తెలుగు మూలాల వంశం. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, తర్వాత వెల్లూరు పంపించారు. ఇదీ గైడును అడగండి. అతను ఆ రాజును మంచిగా చెప్తాడో చెడ్డగా చెప్తాడో వినండి, వాదించకండి. వాళ్ల రాజు గురించి వాళ్ల మాట వినడానికే కదా పోయింది.

ఇంకో సంగతి మీలో చాలామందికి కొత్త కావచ్చు. అనురాధపుర జిల్లాలో అహికుంటక అనే సముదాయం ఉంది. పాములాడించి, ఊరూరా తిరిగి బతికినవాళ్లు. వాళ్ల ఇంటి భాష తెలుగు. చూడాలని అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ వ్యాను దిగి ఇళ్ల ముందు ఫొటోలు తీయడం మాత్రం వద్దు. ముందు గైడు ద్వారా అడగండి, వాళ్లు రమ్మంటేనే పోండి. పోతే కూర్చొని మాట్లాడండి. రమ్మనకపోతే మానుకోండి.

మర్యాదలు కొన్ని. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ పెద్ద తప్పు, సెల్ఫీ అస్సలు వద్దు. చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం రాళ్లు కాలుతాయి, సాక్స్ పెట్టుకోండి. శాకాహారులు జాగ్రత్త: కూరగాయల కూరలో, కొబ్బరి పచ్చడిలో కూడా ఎండు చేప పొడి వేస్తారు. ఉంబలకడ అంటారు దాన్ని. అది లేకుండా వండమని గైడుతో ముందే ఫోన్ చేయించండి. పౌర్ణమి రోజు సెలవు, గుళ్లలో మస్తు జనం. జనం చూడాలంటే ఆ రోజే పోండి, ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజు వదిలేయండి.

ఎప్పుడు పోవాలి? పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ పని చూసుకొని, ఫిబ్రవరి, మార్చిలో. అక్టోబరు నుంచి జనవరి దాకా ఆ ఉత్తర భాగంలో వానలు. 2025 నవంబరు చివర దిత్వా తుపాను వచ్చి కొండ ప్రాంతాన్ని చాలా దెబ్బతీసింది. ఏ రోడ్డు తెరిచారో, ఏది మూశారో అక్కడి మనిషికే తెలుస్తుంది. ఆ గైడ్ల కష్టం కూడా తలుచుకోండి. 2019లో బాంబు దాడులు, తర్వాత కరోనా, 2022లో దేశమే దివాలా, పెట్రోలు కోసం క్యూలు, ఆ తర్వాత ఈ తుపాను. యాత్రికులు లేని ఏళ్లు అలా గడిపారు వాళ్లు. వాళ్లకు పని ఇచ్చామంటే అది ఒక ఇంటికి నేరుగా చేరుతుంది. నాకైతే ఈ పద్ధతి నచ్చడానికి ఇదీ పెద్ద కారణమే.

సార్ ఏదో అడుగుతున్నారు... కంబోడియాలో అంగ్‌కోర్‌వాట్? పోవచ్చు సార్. అక్కడ కురుక్షేత్రం, లంకా యుద్ధం, క్షీరసాగర మథనం గోడల నిండా చెక్కి ఉన్నాయి. అక్కడా గైడ్లకు లైసెన్స్ తప్పనిసరి. ప్రవేశం ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. మూడు రోజులదే తీసుకోండి. 2025లో థాయ్‌లాండ్‌తో సరిహద్దులో యుద్ధంలాంటిది జరిగింది, కాబట్టి రోడ్డు దారి అనుకోకుండా విమానంలోనే పోవాలి, ముందుగా మన విదేశాంగ శాఖ సూచనలు చూడాలి. జపాన్‌లో అయితే ఫీజు తీసుకోకుండా చూపించే గుడ్‌విల్ గైడ్లు ఉన్నారు, వాళ్ల దారి ఖర్చు, భోజనం లాంటివి మనం పెట్టుకోవాలి.

మేడమ్ అడిగింది మంచి ప్రశ్న. ఇద్దరు ఆడవాళ్లే పోవచ్చా? పోవచ్చమ్మా. మహిళా గైడు కావాలని అడగండి, ముందుగా అడిగితే వెతకడానికి వీలుంటుంది. బండి నంబరు, లైసెన్స్ ఫొటో, హోటళ్ల పేర్లు ఇంట్లో ఇచ్చి పోండి. రోజూ చీకటి పడకముందే హోటల్ చేరేలా ప్లాన్ వేయించండి, ఆ రోడ్ల మీద బండ్లు మన హైవేలంత వేగంగా పోవు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు షుగర్, బీపీ ఉన్నాయని దాచకుండా రాయండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. మందులు చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి.

ఇంటికి పోగానే పాస్‌పోర్టు తీసి చూడండి, గడువు ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. అయిపోయి ఉంటే మన నల్లగొండ పోస్టాఫీసు సేవాకేంద్రంలోనే అప్లై చేయొచ్చు. శ్రీలంకకు ఈటీఏ అని ఆన్‌లైన్ అనుమతి ఉంటుంది, ఫీజు నిబంధనలు మారుతుంటాయి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి. వచ్చే ఆసక్తి ఉన్నవాళ్లు బయట టేబుల్ మీద కాగితం ఉంది, పేరు రాయండి. పేరు పక్కన ఏం చూడాలని ఉందో కూడా ఒక ముక్క రాయండి. అవన్నీ కలిపి గైడుకు పంపే మెసేజ్ మనం ఇక్కడే, అందరం కూర్చొని రాద్దాం.